కాలువలో దొరికిన శవం మా మావయ్యదేనా? డీఎన్‌ఏకి ఎవరి రక్తం ఇవ్వాలి?

అడిగిన సంగతి క్లుప్తంగా ఇదీ. కోనసీమలో ఒక కాలువ లాకుల దగ్గర గుర్రపుడెక్కలో చిక్కుకుని మగ శవం దొరికింది. మనిషి కనబడకుండా పోయి ఐదు రోజులైంది. ముఖం పోల్చుకునేలా లేదు. చొక్కా, మొలతాడు చూసి ఆయనేనని సగం మంది, కాదని సగం మంది అంటున్నారు. పోయినాయన అడిగినవారికి సొంత మేనమామ, పైగా అక్క మొగుడు కూడా ఆయనే. అమ్మమ్మ ఉన్నారు, తాతయ్య లేరు. అక్కకి ఒక బాబు, ఒక పాప. పోలీసులు డీఎన్‌ఏకి పంపుతామన్నారట. ఎవరి రక్తం ఇవ్వాలి, ఎన్నాళ్లు పడుతుంది, తప్పు వచ్చే అవకాశం ఉందా, ఆధార్ వేలిముద్రతో తేల్చలేరా, ఎవరైనా చంపి పడేసి ఉంటే వాడెవడో కూడా ఇందులోనే తెలిసిపోతుందా అని ప్రశ్నలు.

నేను ఫోరెన్సిక్ ల్యాబ్ బయాలజీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మాదీ మీ వైపే. తెలిసినంత చెబుతాను, కాస్త పొడుగవుతుంది, ఏమీ అనుకోకండి.

అన్నిటికంటే ముందు, ఫలితం వచ్చేలోగా ఎవరు ఎంత తొందరపెట్టినా ఆ శవాన్ని దహనం చేయనివ్వకండి. ఆయన కాదని తేలినా ఎవరో ఒకరి మనిషే కదా. ఖననం చేస్తే అవసరమైనప్పుడు తహసీల్దార్ సమక్షంలో మళ్లీ బయటికి తీయించుకోవచ్చు. పూర్తిగా కాలిన ఎముకలోంచి డీఎన్‌ఏ రాబట్టడం దాదాపు అయ్యే పని కాదు.

ఇక ఎవరి రక్తం అన్నది. డీఎన్‌ఏ పరీక్ష అంటే పోల్చి చూడటం. శవంలోంచి తీసిన నమూనా ఒక్కటే మిషన్‌లో పెడితే పేరు, ఊరు బయటికి రావు. పక్కన పెట్టి చూడటానికి రక్తసంబంధీకుల నమూనా కావాలి. మొదట వచ్చేది ఎప్పుడూ భార్యే. ఏడుస్తూ చెయ్యి చాపుతుంది, "నా రక్తం తీసుకోండి" అని. భార్య రక్తం భర్తతో కలవదు కాబట్టి అదొక్కటే తీసుకుంటే ఏమీ తేలదు. పిల్లల రక్తంతో పాటు తీసుకుంటే మాత్రం చాలా ఉపయోగం. పిల్లల డీఎన్‌ఏలో తల్లి నుంచి వచ్చిన సగాన్ని పక్కకు తీసేస్తే, మిగిలిన సగం శవంతో కలవాలి. ఇప్పుడు వాడే కిట్లలో 20కి పైగా చోట్ల చూస్తారు. ఒక్కో చోట తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి వస్తాయి. నిజంగా తండ్రే అయితే ప్రతి చోటా ఒకటి కలిసి తీరాలి. ఎక్కడైనా ఒకచోట తేడా వస్తే అది తరం మారేటప్పుడు సహజంగా జరిగే మార్పు కావచ్చు. మూడు నాలుగు చోట్ల తేడా వస్తే మాత్రం ఆయన తండ్రి కాదు.

మీ ఇంట్లో అన్నిటికంటే విలువైన రక్తం మీ అమ్మమ్మగారిది. కన్నతల్లి కదా. ఆవిడది, అక్కది, పిల్లలిద్దరిదీ ఇవ్వండి. మీ అమ్మగారు సొంత అక్కే అయినా, తోబుట్టువుల మధ్య కలిసే భాగం ఒకరికీ ఒకరికీ మారుతుంది. ఒకే కడుపున పుట్టినవాళ్లయినా కొన్ని చోట్ల అసలేమీ కలవకపోవచ్చు. తల్లి, పిల్లలు అందుబాటులో ఉన్నప్పుడు అక్కాచెల్లెళ్ల దాకా పోనక్కర్లేదు. మీ రక్తం అయితే ఇంకా బలహీనం.

మీ కేసులో ఒక మెలిక ఉంది. చాలామంది ఇది ల్యాబుకు చెప్పరు, పోలీసులు అడగరు. మీది మేనరికం. మీ అక్క ఆయనకి భార్య, మేనకోడలు కూడా. అంటే ఆవిడ డీఎన్‌ఏలో పావు వంతు దాకా ముందే ఆయనతో కలుస్తుంది. అక్క నమూనా లేకుండా పిల్లల్ని మాత్రమే పోలిస్తే, ఆ శవం మీ మావయ్యది కాకుండా ఆయన అన్నదమ్ములదైనా పోలిక ఉండాల్సినదానికంటే బలంగా కనిపించవచ్చు. అక్క, అమ్మమ్మ ఇద్దరి నమూనాలూ ఉంటే ఆ చిక్కు విడిపోతుంది. కాబట్టి రక్తం ఇచ్చేటప్పుడు నింపే ఫారంలో ఎవరికి ఎవరు ఏమవుతారో పూర్తిగా రాయించండి. "భార్య" అని రాసి వదిలేయకుండా "భార్య, అక్క కూతురు కూడా" అని. అంకెలు వేసేవాళ్లకి అది తెలియాలి.

శవం బాగా పాడైపోయి మామూలు డీఎన్‌ఏ రాకపోతే మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారుచేసే భాగం) డీఎన్‌ఏ చూస్తారు. అది తల్లి నుంచి మాత్రమే బిడ్డలకి వస్తుంది. ఒక్కో కణంలో వందల కొద్దీ ప్రతులు ఉంటాయి కాబట్టి పాత ఎముకలోనూ, కుదురు లేని వెంట్రుకలోనూ దొరుకుతుంది. మామూలుగా తండ్రిది ఒక రకం, పిల్లలది తల్లి రకం. మీ ఇంట్లో అలా కాదు. అమ్మమ్మ, ఆవిడ కొడుకైన మావయ్య, ఆవిడ కూతురైన మీ అమ్మ, మీరు, అక్క, అక్క పిల్లలు అందరిదీ ఒకటే మైటోకాండ్రియా. అది కలిస్తే "మీ అమ్మమ్మ తాలూకు మనిషి" అన్నంత వరకే తేలుతుంది. ఇంట్లోంచి ఒక్కరే కనబడకుండా పోయారు కాబట్టి మీకు సరిపోవచ్చు. అదే పడవ మునిగి తండ్రీకొడుకులిద్దరూ పోయిన కుటుంబంలో ఇలాంటి మేనరికం ఉంటే ఎవరి ఎముక ఎవరిదో ఈ పద్ధతిలో విడదీయలేరు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన పర్యాటక బోటును కాకినాడ ధర్మాడి సత్యం బృందం 38వ రోజున, అక్టోబరు 22న పైకి తీసింది గుర్తుంది కదా. ఒకే ఇంటివాళ్లు కలిసి ప్రయాణించే అలాంటి ప్రమాదాల్లో, అన్నాళ్లు నీళ్లలో నానిన శవాల దగ్గర, ఈ చుట్టరికాల చిక్కు నిజంగా ఎదురవుతుంది.

తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్లే వై క్రోమోజోమ్ ఇంకొకటి. అది ఇంటిపేరులాగే నడుస్తుంది. మీ మావయ్య వై ఆయన కొడుక్కి వచ్చింది, ఆయన అన్నదమ్ములకీ ఉంటుంది. మీకు ఉండదు, మీది మీ నాన్నగారి వైపుది. దత్తత వచ్చినవాళ్ల దగ్గర మాత్రం ఇంటిపేరు ఒకటి, వై ఇంకొకటి అవుతాయి. మన జిల్లాల్లో దత్తతలు తక్కువేమీ కాదు. మీ మావయ్య చిన్నప్పుడు ఎవరింటి నుంచైనా దత్తత వచ్చారని పెద్దవాళ్లకి తెలిస్తే, పరువు అనుకోకుండా ముందే చెప్పమనండి. లేకపోతే రిపోర్టు "కలవలేదు" అని వస్తుంది, మీరు మనిషి ఇంకా బతికే ఉన్నాడనుకుని ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు.

ఆయన సొంత వస్తువులు దొరికితే ఇంకా మంచిది. ఆయనొక్కరే వాడిన టూత్‌బ్రష్, గడ్డం గీసుకునే రేజర్, దువ్వెన, ఉతకని బనీను. ఇంట్లో అందరూ ఒకటే దువ్వెన వాడితే వదిలేయండి. ఎప్పుడైనా గడ్డకి బయాప్సీ చేయించుకుని ఉంటే ఆ గడ్డ ముక్కని మైనంలో పొదిగిన బ్లాక్ ఆ ఆసుపత్రిలో దాచి ఉండవచ్చు, అడగండి. మరొకటి చెబితే నవ్వకండి. మన పెద్దవాళ్లు బిడ్డ బొడ్డు ఊడిన ముక్కని ఎండబెట్టి వెండి తాయెత్తులో పెట్టి దాస్తారు. అది అచ్చంగా ఆ బిడ్డ శరీరంలో భాగమే. మీ అమ్మమ్మగారి పెట్టెలో మీ మావయ్యది ఉంటే, పెట్టె మీరే తెరిచి కెలక్కుండా పోలీసుల చేత పంచుల ముందు తీయించండి.

శవంలోంచి ఏం తీస్తారన్నదీ తెలుసుకోండి. మన ఎండకి, నీటికి ఐదు రోజులంటే ఎక్కువ. గాలిలో ఒక వారంలో పాడయ్యేది నీటిలో రెండు వారాలకి, మట్టిలో ఎనిమిది వారాలకి పాడవుతుందని పాత లెక్క ఒకటి ఉంది. కానీ నీటిలోంచి గట్టుకి తీశాక కుళ్లడం ఒక్కసారిగా పుంజుకుంటుంది. గట్టు మీద టార్పాలిన్ కప్పి సాయంత్రం దాకా ఉంచితే నష్టం అక్కడే జరిగిపోతుంది. అలాంటి శవంలో రక్తం పనికిరాదు. దంతాల్లో దవడ పళ్లు, తొడ ఎముక మధ్య ముక్క తీసుకోవాలి. దవడ పన్ను లోపలి గుజ్జు ఎనామిల్ గోడల మధ్య భద్రంగా ఉంటుంది. ఇవి ఫార్మలిన్‌లో (అవయవాలు కుళ్లకుండా దాచే మందు) వేయకూడదు, వేస్తే డీఎన్‌ఏ ముక్కలు ముక్కలైపోతుంది. విషం ఉందేమో చూడటానికి లోపలి అవయవాలని ఉప్పు ద్రావణంలో పంపుతారు, అది వేరే సీసా, వేరే విభాగం. రెండూ కలిపి చూసుకుని "ల్యాబుకి పంపేశాం కదా" అనే మాట స్టేషన్లలో వింటూనే ఉంటాం. పోస్టుమార్టం చేసిన డాక్టరు గారిని ఒక్కటే అడగండి, పళ్లు, ఎముక విడిగా తీసి ఉంచారా అని.

ఎన్నాళ్లు పడుతుందంటే, మీ రక్తం నమూనాల పని రెండు మూడు రోజులే. ఎముక అలా కాదు. పైపొర గీకి శుభ్రం చేయాలి, ఆరబెట్టాలి, ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి పొడి చేయాలి, ఆ పొడిలోంచి కాల్షియం పోగొట్టాలి, అప్పుడు గానీ డీఎన్‌ఏ బయటికి రాదు. రాకపోతే ఇంకో ముక్క తీసుకుని మళ్లీ మొదటి నుంచి. బల్ల మీద పని వారం పది రోజులు. మిగిలిన ఆలస్యమంతా వరసలో నిలబడటమే. మన రాష్ట్ర ల్యాబు మంగళగిరిలో ఉంది, చాలా కేసులు అక్కడికే చేరతాయి. అహ్మదాబాద్‌లో 2025 జూన్ 12న విమానం కూలినప్పుడు లాంటి పెద్ద ప్రమాదాల్లో ఫలితాలు రోజుల్లో వచ్చాయంటే, మిగిలిన పనులన్నీ పక్కన పెట్టి రాత్రింబవళ్లు చేశారు కాబట్టి.

ఆధార్ సంగతి చాలామంది అడుగుతారు. ఆధార్ చట్టంలోని 29వ సెక్షన్ ప్రకారం వేలిముద్రలు, కనుపాప వివరాలు ఏ కారణానికీ ఎవరికీ ఇవ్వకూడదు. పైగా ఆ వ్యవస్థ "ఈ నంబరు మనిషి ఇతనేనా" అన్నదానికి జవాబు చెప్పేందుకు కట్టింది, తెలియని ముద్ర ఇచ్చి కోట్ల మందిలో వెతికించేందుకు కాదు. మరి వేలిముద్ర పనికిరాదా అంటే, వస్తుంది. నీళ్లలో నానిన చేతి చర్మం తొడుగులా ఊడి వస్తుంది. చూడటానికి కష్టంగా ఉంటుంది కానీ, ఆ తొడుగుని నిపుణుడు గ్లవ్స్ మీద తన వేలికి తొడుక్కుని సిరా అద్ది ముద్ర తీయగలడు. పోల్చడానికి మీ మావయ్య ముద్ర ఎక్కడ ఉంటుంది? ఆయన ఎప్పుడైనా పొలమో ఇళ్ల స్థలమో కొన్నా, అమ్మినా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఎడమ బొటనవేలి ముద్ర వేసి ఉంటారు. దస్తావేజు నంబరు వెతికి ఎస్సై గారికి ఇవ్వండి. చర్మం దక్కితే ఇది డీఎన్‌ఏ కంటే ముందే తేలిపోతుంది.

ఇక చంపారా, పడిపోయారా అన్నది. పెదవులు, చెవులు, కనురెప్పలు కొరికేసినట్టు ఉన్నాయని రాశారు. చేపలూ పీతలూ మొదట తినేవి అవే. దాన్ని పట్టుకుని వాట్సాప్ గ్రూపుల్లో "చిత్రహింసలు పెట్టారు" అని తిప్పకండి.

బతికుండగా మునిగారా, చనిపోయాక పడేశారా అన్నదానికి డయాటమ్ పరీక్ష ఒకటుంది. మీ వైపు రొయ్యల రైతులకి డయాటమ్ అంటే చెప్పనక్కర్లేదు, చెరువు నీరు గోధుమ రంగు తిరిగితే డయాటమ్ బాగా పట్టిందని సంతోషపడతారు. అదే సూక్ష్మ నాచు. దాని పెంకు సిలికాది, నైట్రిక్ యాసిడ్‌లో వేసి మరిగించినా కరగదు. మనిషి బతికుండగా మునిగితే ఊపిరితిత్తుల్లోకి పోయిన నీటితో పాటు అవి రక్తంలో కలిసి, కొట్టుకుంటున్న గుండె తోసినకొద్దీ ఎముక మూలుగ దాకా వెళ్తాయి. శవాన్ని పడేస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరినా మూలుగ దాకా తోసే గుండె లేదు. తొడ ఎముక మూలుగని యాసిడ్‌లో కరిగించి మైక్రోస్కోపు కింద చూస్తే చిన్న చిన్న గాజు డబ్బాల్లా గీతలు గీతలుగా కనిపిస్తాయి.

ఇందులో నాకు ఆసక్తిగా అనిపించేది, డెల్టాలో నీళ్లు చోటుకో రకంగా ఉండటం. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీరు మంచినీరు. రొయ్యల చెరువులు చాలావాటిలో ఉప్పు నీరు. అంతర్వేది, ఓడలరేవు వైపు నది పాయల్లో పోటుకి సముద్రపు నీరు ఎక్కుతుంది. ఉప్పు నీటి డయాటమ్‌లు వేరు, మంచినీటివి వేరు. మంచినీటి కాలువలో దొరికిన శవం మూలుగలో ఉప్పు చెరువు రకాలు కనిపిస్తే, మనిషి మునిగింది ఒకచోట, తెచ్చి పడేసింది ఇంకోచోట అని అనుమానించాలి. దీనికి శవం దొరికిన చోటి నీరు ఒక లీటరు సీసాలో పట్టి పంపాలి. ఎక్కువ కేసుల్లో ఆ నీరు పట్టరు. వారం తర్వాత వెళ్లి పడితే లాకులు ఎత్తేసి ఉంటారు, నీరే మారిపోయి ఉంటుంది. ఇంతా చేసి ఈ పరీక్ష తిరుగులేనిదేమీ కాదు. నిజంగా మునిగి పోయినవాళ్లలోనూ ఒక్కోసారి డయాటమ్‌లు దొరకవు. పోస్టుమార్టంలో కనిపించినవాటితో కలిపి చూడాల్సిందే.

ఎవరిమీదైనా అనుమానం ఉంటే అప్పుడు వాడి నమూనా, శవం మీదో వాడి వస్తువుల మీదో దొరికినది పోలుస్తారు. నీటిలో ఐదు రోజులు ఉన్న శవం గోళ్ల కింద పరాయి డీఎన్‌ఏ మిగలడం కష్టమే, అయినా గోళ్లు కత్తిరించి పంపాలి. దొరికితే ఎక్కువగా దొరికేది పొడిగా ఉన్న చోటే, అంటే వాడి బండి, వాడి లుంగీ, కత్తి పిడి సందుల్లో. సంక్రాంతి రోజుల్లో మాకు తరచూ వినిపించే జవాబు ఒకటుంది, "అది కోడి రక్తమండీ, పందెంలో అంటింది" అని. కోడి రక్తంలో ఎర్ర కణాలు కోడిగుడ్డు ఆకారంలో, మధ్యలో కేంద్రకంతో ఉంటాయి. మనిషి ఎర్ర కణాలు గుండ్రంగా ఉంటాయి, కేంద్రకం ఉండదు. మరక ఎండి కణాల ఆకారం పోయినా, మనిషి రక్తానికి మాత్రమే స్పందించే పరీక్ష ఉంది. మరక చూడగానే చేసే ఫినాఫ్తలీన్ పరీక్షలో గులాబీ రంగు వచ్చిందంటే అది రక్తం కావచ్చని మాత్రమే, కొన్ని కూరగాయల రసాలకీ ఆ రంగు వస్తుంది. ఆ దశలోనే "రక్తం దొరికింది" అని పేపర్లో వచ్చేస్తుంది, అదీ టెన్షన్.

నేరస్థుణ్ణి పట్టడం ఒక్కటే డీఎన్‌ఏ పరీక్ష పని కాదు. ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ 1984లో ఈ పద్ధతి కనిపెట్టాక మొట్టమొదట వాడిన హత్య కేసులో, అప్పటికే ఒప్పుకోలు ఇచ్చిన కుర్రాడు నిర్దోషని తేలింది. అసలు దోషి కోలిన్ పిచ్‌ఫోర్క్‌కి 1988లో శిక్ష పడింది. మన దేశంలో హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ గారు సొంతంగా ఈ పద్ధతి తయారుచేసి కోర్టుల దాకా తీసుకొచ్చారు.

తప్పు వస్తుందా అంటే, నేను చూసినంతలో మిషన్ చేసే తప్పు తక్కువ. సంచీలో జరిగేది ఎక్కువ. తడి బట్టని ప్లాస్టిక్ కవర్లో కట్టి స్టేషన్ బీరువాలో పెడితే మన ఉక్కకి రెండు రోజుల్లో బూజు పడుతుంది. అలాంటి బట్ట నల్లగా, జిగటగా, వాసనతో మా బల్ల మీదకి వస్తే చేయగలిగింది ఏమీ ఉండదు. నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టి సీలు వేయాలి, అంతే. జర్మనీలో ఏళ్ల తరబడి ఒక "కనిపించని మహిళ" డీఎన్‌ఏ హత్యల దగ్గర, దొంగతనాల దగ్గర దొరుకుతూ వచ్చింది. చివరికి 2009లో తేలిందేమంటే, అది నమూనాలు తీసే దూది పుల్లలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసే ఆవిడది. 2025లో సుప్రీంకోర్టు ఒక తమిళనాడు కేసులో తీర్పిస్తూ, తీసిన డీఎన్‌ఏ నమూనా 48 గంటల్లో ల్యాబుకి చేరాలని, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రిజిస్టరు ఉండాలని చెప్పింది. మీరు ఎస్సై గారితో మర్యాదగానే ఈ 48 గంటల మాట ఎత్తండి.

వై పరీక్ష ఒక్కదాని మీదే ఎవరినైనా దోషి అంటే మాత్రం ఆగండి. ఒక వీధి అంతా ఒకే ఇంటిపేరు ఉన్న ఊళ్లో ఆ వై అన్నదమ్ములది, బాబాయిలది, వాళ్ల కొడుకులది అందరిదీ ఒకటే అవ్వచ్చు.

చివరగా, రిపోర్టు మీ చేతికి నేరుగా రాదు, స్టేషన్‌కో కోర్టుకో వెళ్తుంది. కాపీకి రాతపూర్వకంగా అడగండి. అది కలిసిందని వస్తే మరణ ధ్రువీకరణ, బీమా, బ్యాంకు పనులు కదులుతాయి. లేకపోతే చట్టం ప్రకారం ఏడేళ్లు కబురు తెలియలేదన్నాకే చనిపోయినట్టు భావిస్తారు, అన్నేళ్లు మీ అక్క ఏ కాగితం మీదా ముందుకు పోలేదు. రక్తం ఏరియా ఆసుపత్రిలో డాక్టరు గారే తీయాలి, ఊదా మూత గొట్టంలో, ఫోటో అంటించిన ఫారంతో, సాక్షుల సంతకాలతో. అమ్మమ్మగారికి ఈ మూడు నెలల్లో రక్తం ఎక్కించి ఉంటే ఆ మాట ఫారంలో రాయించి, బుగ్గ లోపలి నుంచి దూదితో కూడా నమూనా తీయమనండి. ఆవిడ లేచి రాలేకపోతే ఆటోలో కుదిపి తీసుకెళ్లకుండా, డాక్టరు గారినే ఇంటికి పంపమని ఎస్సై గారి ద్వారా అర్జీ పెట్టండి.